రొప్పుతున్న చేప

వేలూరులోగానీ, గుడియాత్తంలోగానీ సముద్రపు చేపల్ని పెంచాలంటే మొదటి గొడవ ఎండతోనే. జోకర్ చేపకి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. మే నెలలో తొట్టి నీళ్లు వాటంతట అవే 30 దాటేస్తాయి. మామూలుగానే మంచినీళ్ల కన్నా సముద్రపు నీళ్లలో ప్రాణవాయువు సుమారు 20 శాతం తక్కువ కరుగుతుంది, వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. దానికి తోడు కరెంటు పోయి పంపు ఆగితే ఇంక చెప్పేదేముంది.

గుడియాత్తంలో మా మామ దగ్గర ఆరేళ్లుగా ఒక జోకర్ జత ఉంది. వాటిలో పెద్దది ఆడది. అది పోతే మగదే కొన్నాళ్లకి ఆడదిగా మారిపోతుంది, జత మాత్రం చెదిరినట్టే. పోయిన ఎండాకాలం ఆ పెద్దది ఒక మూలకి పోయి నిలబడింది. రెక్కలు ఒంటికి అతుక్కున్నాయి, రంగు వెలిసింది, మేత వేస్తే చూడను కూడా లేదు. మామ "స్ట్రెస్" అన్నాడు. అవ్వ కుర్చీ లాక్కుని కాసేపు చూసి, "అదేమో గానీ, రొప్పతా ఉండాది రా" అంది.

నేను కన్నడ మీడియంలో చదివాను. బళ్లో దీనికి 'ఏదుసిరు' అని నేర్చుకున్నా. అవ్వ మాటే నయం, ఎందుకంటే రొప్పడాన్ని లెక్కపెట్టొచ్చు. మొప్ప మూత నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటుందో చేప బాగున్నప్పుడే రాసిపెట్టమని మామకి చెప్పి ఉన్నా. ఇప్పుడు లెక్క దానికి చాలా ఎక్కువొచ్చింది.

మామ రాగి మందు సీసా తీశాడు. ఒంటి మీద తెల్ల చుక్కల్లేవు, రాళ్లకేసి రుద్దుకోవడం లేదు, మందెందుకు? పైగా ఆ మందుకి తొట్టిలో రొయ్యలు బతకవు. నా ఉద్యోగమే టెస్టింగ్ కాబట్టి, ముందు ఏం మారిందో చూద్దామన్నా. అమోనియా లేదు. ఉప్పు కొలిస్తే 1.030 వచ్చింది, ఉండాల్సింది 1.025. ఎండకి నీళ్లు తగ్గినప్పుడల్లా మామ ఉప్పు కలిపిన నీళ్లే పోస్తున్నాడు. ఆవిరయ్యేది నీళ్లే కదా, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది!

సముద్రపు చేప ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. అందుకే అది ఉప్పునీళ్లు తాగి, ఉప్పుని మొప్పల గుండా బయటికి తోస్తుంది. నీళ్లలో ఉప్పు పెరిగితే ఆ పని పెరుగుతుంది. అవే మొప్పలతో చాలని గాలి కోసమూ పాటుపడాలి.

ఒక్కసారిగా సరిచేస్తే అదింకో దెబ్బ. రోజూ కొన్ని చెంబులు తొట్టి నీళ్లు తీసి, ఉత్త ఆర్వో నీళ్లు పోశాం. బోరు నీళ్లు వద్దన్నా. మూత తీసి ఫ్యాను పెట్టాం, లైటు తగ్గించాం, బ్యాటరీతో నడిచే గాలి పంపు కొన్నాం. ఐదో రోజుకి లెక్క పాత అంకెకి వచ్చింది. మేత మాత్రం ఏడో రోజుకి గానీ ముట్టలేదు.

ఇప్పుడు తొట్టి అద్దం మీద నీటిమట్టానికి టేపు అంటించి ఉంది. నీళ్లు దానికి దిగితే అవ్వ మామని పేరుపెట్టి పిలుస్తుంది.