గోడమీద ఎర్ర గీత

భద్రాచలంలో గోదావరి మీద 1965లో వంతెన వచ్చింది. బస్సుల్లో జనం రావడం మొదలయ్యాక మా తాత ఎనిమిది గదుల లాడ్జి కట్టాడు. శ్రీరామనవమికి గదులు చాలక వరండాలో చాపలేసేవాళ్లు.

రిసెప్షన్ గోడమీద, ఫ్యాన్‌కి కాస్త కింద, ఒక ఎర్ర గీత ఉంటుంది. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పుడు నీళ్లు అక్కడిదాకా నిలిచాయట. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, ఇక లెక్కేసుకోండి. చిన్నప్పుడు ఎగిరి ఆ గీత అందుకోవాలని చూసేవాణ్ణి.

2022 జూలైలో 71.3. హైదరాబాద్‌లో కోడ్ పక్కనపెట్టి ఫోన్‌లో నీటిమట్టమే చూస్తూ కూర్చున్నా. తాత రాసిన పాత రిజిస్టర్లని నాన్న నెత్తిన పెట్టుకుని మేడ మీదికి చేర్చాడు. పరుపులు మాత్రం పోయాయి. ఈసారి కరకట్ట ఉంది కాబట్టి నడుం లోతుతో సరిపోయింది.

"అమ్మేద్దాం నాన్నా" అన్నా. పలకలేదు.

పోయినేడాది లాడ్జిని బుకింగ్ యాప్‌లో పెట్టా. ఫొటోల్లో గీత కనపడకుండా క్రాప్ చేశా. నాన్న ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, "గీత ఏదిరా?" అన్నాడు.

"అది చూస్తే ఎవరొస్తారు నాన్నా?"

"వానాకాలం పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లకి తెలియొద్దా?"

రెండ్రోజులు మాట్లాడుకోలేదు. ఇప్పుడు యాప్‌లో మొదటి ఫొటో ఆ గీతదే. జూలై, ఆగస్టుల్లో బుకింగ్స్ దాదాపు రావు. నాన్న దాని గురించి ఒక్కసారి కూడా అడగలేదు.