అమ్మీ చెహ్రా మీద రోష్నీ

అబ్బా ఇంతెఖాల్ అయిన రోజు పేపరుకు ఇద్దామని ఫోటో వెతికితే ఇంట్లో దొరికింది ఒక్కటే. హజ్ పాస్‌పోర్టు కోసం దిగింది. హెడ్‌మాస్టర్ ముందు నిలబెట్టిన పిల్లోడిలా ఉన్నారు అందులో. ఇన్నేళ్లుగా ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని ఎందరి ఇళ్లకో వెళ్లాను. మా ఇంట్లో కెమెరా ఎత్తాలని మాత్రం తోచలేదు.

అమ్మీ విషయంలోనైనా ఆ గలతీ చేయకూడదని సెకండ్‌హ్యాండ్ కెమెరా, 50 ఎంఎం లెన్సు కొన్నాను. అమ్మీ ఇజాజత్‌కు మూడు నెలలు పట్టింది. "ఇస్ ఉమర్ మే తస్వీర్ కైకూ రే?" అనేది.

ఈద్ రోజు ఫ్లాష్ వేసి తీశాను. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా, కళ్లు మూసుకుని, వెనక గోడ మీద నల్లటి నీడ. తౌబా! ఫ్లాష్ మళ్లీ ముట్టుకోలేదు.

అసర్ నమాజ్ తర్వాత మా ఇంటి ఖిడికీలోంచి మెత్తటి వెలుతురు వస్తుంది. అక్కడ పీట వేసి, అమ్మీని కిటికీకి కొంచెం ఏటవాలుగా కూర్చోబెట్టాను. చీకటి పడ్డ రెండో చెంప వైపు కుర్చీ మీద తెల్ల చాదర్ ఆరేశాను. వెలుతురు దాని మీద పడి ముఖం మీదికి తిరిగొచ్చింది. అయినా చెహ్రా నల్లగానే వచ్చింది. కారణం దుపట్టా. కెమెరాకు దుపట్టా, బుర్ఖా తెలియవు. తెల్లది ఎక్కువుంటే వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం మసక చేస్తుంది, నల్లదైతే ఉల్టా. మన ఆడవాళ్ల ఫోటోలు సగం అందుకే ఖరాబ్ అవుతాయి. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాను. ఫోన్‌లోనైతే ముఖం మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపితే చాలు. ఫోన్ ముఖం దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి, ముక్కు పెద్దదవుతుంది. ఐదడుగులు వెనక్కి జరిగి, రెండింతల జూమ్ పెట్టండి.

ఇంకో గలతీ: వెనకంతా మసకగా రావాలన్న షౌఖ్‌తో అపెర్చర్ 1.8 పెట్టాను. ఒక కన్ను తేటగా, రెండోది మసగ్గా వచ్చింది. 4కి మార్చి, కెమెరాకు దగ్గరున్న కంటి మీద ఫోకస్ పెట్టాక కుదిరింది.

ఇదంతా చూస్తూ ఆపా అడిగింది, "ఈ కార్డు ప్రింటు కోసం ఎవరి చేతికిస్తావు?" నా దగ్గర జవాబు లేదు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఈ సవాల్‌ను ఎప్పుడో గుర్తించారు. పర్దా పాటించే బేగంల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. నేను మాత్రం లెన్సుల గురించి చదివినంతగా దీని గురించి ఆలోచించలేదు. అమ్మీ ఇన్నాళ్లూ కాదన్నది తస్వీర్‌నా, దాన్ని చూసే గైర్ మర్దులనా?

అడిగితే షర్తు చెప్పింది. వాట్సప్‌లో పెట్టకూడదు. ఒప్పుకున్నాను. ఆపానే దగ్గరుండి ప్రింటు తీయించింది. ఆ మాట ఇచ్చాక అమ్మీ భుజాలు దిగాయి, తస్బీహ్ తిప్పుతూ కెమెరాను మర్చిపోయింది. అసలైన ఫోటో అప్పుడే వచ్చింది.

ప్రింటు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెట్టె తెరిచి అబ్బా పాస్‌పోర్టులో పెట్టుకుంది. అందుకే ఇక్కడ మీకు ఆ ఫోటో కనిపించదు.