అబ్బా చూడని దర్వాజా

సైగాన్‌లో దిగిన రెండో రోజు పొద్దున్నే ఆ మహల్ ముందు నిలబడ్డాం, నేనూ నా బిడ్డా. ఆ షెహర్ పేరు ఇప్పుడు హో చి మిన్ సిటీ. మా అబ్బా నోట మాత్రం ఆఖరి దాకా సైగానే. 1975 ఏప్రిల్ 30న ఆ గేటును టాంకులు గుద్దిన ఖబర్ రేడియోలో విని, హైదరాబాద్ సెక్రటేరియట్ క్యాంటీన్‌లో అందరికీ తన పైసలతో చాయ్ తాగించాడట. అటెండర్ తనఖా ఎంతని! అమ్మీ ఆ చాయ్ లెక్క ఏళ్ల తరబడి దెప్పింది.

"ఎప్పుడన్నా పోతే ఆ దర్వాజా చూసి రా బేటా" అనేవాడు. ఆయన ఇంతెకాల్ అయ్యాక గానీ నాకు కుదరలేదు.

చూశాను. గేటు గేటులాగే ఉంది. తోటలో రెండు టాంకులు, 843, 390 అని నంబర్లతో. అసలువి హనోయ్‌లో ఉన్నాయి, ఇవి ఆ రకంవే వేరేవి. చాలా ఏళ్లు పెద్ద గేటు విరగ్గొట్టింది 843 అనే అనుకున్నారు. అది పక్క గేటు దగ్గర ఇరుక్కుపోతే, తోసుకుని లోపలికి పోయింది 390. ఒక ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ తీసిన తస్వీర్ 1995లో బయటికొచ్చాకే సంగతి తేలింది. అబ్బాకి ఈ ముచ్చట తెలిసుంటే ఇంకో రౌండ్ చాయ్ అయ్యేది.

మహల్ అంటే గుంబజులూ మీనార్లూ ఊహించుకుంటాం కదా. ఇక్కడ అవేవీ లేవు. తెల్లటి సీదా గీతలు, వెడల్పాటి వరండాలు. ముందు వైపంతా వెదురు కణుపుల ఆకారంలో చెక్కిన రాళ్లు పర్దాలాగా నిలబడ్డాయి. మన పాత దేవిడీల్లో జాలీల లెక్క, ఎండను ఆపి గాలిని లోపలికి పంపుతాయి. కట్టింది న్గో వియెట్ థు అనే వియత్నాం ఆర్కిటెక్టు. కట్టమన్నది ప్రెసిడెంట్ న్గో దిన్ దియెమ్. 1962లో ఆయన సొంత వైమానిక దళం పైలట్లే ఇద్దరు ఫ్రెంచోళ్ల నాటి పాత మహల్ మీద బాంబులేస్తే, దాన్ని పూర్తిగా కూలగొట్టించి కొత్తది మొదలుపెట్టాడు. 1963 నవంబర్‌లో ఆయన్నే చంపేశారు. 1966లో ఇది తయారయ్యేసరికి కుర్సీలో వేరేవాళ్లు.

కప్పు మీద చుట్టూ అద్దాలతో ఒక హాలు ఉంది. "నాలుగు దిక్కులా ఏ గొడవా లేని మేడ" అని పేరు. ఆర్కిటెక్టు దాన్ని రాజ్యమేలేవాడు ఖామోష్‌గా కూర్చుని సోచాయించుకోవడానికి కట్టాడు. తర్వాత అక్కడ దావత్‌లూ డాన్సులూ జరిగాయి. పక్కనే ఒక హెలికాప్టర్, 1975 ఏప్రిల్ 8న బాంబులు పడిన చోట రెండు ఎర్ర గుండ్రాలు.

కింద తహఖానాలో నాకు ఎక్కువసేపు పట్టింది. గోడల నిండా జంగ్ నక్షాలు, బరువైన రేడియో పెట్టెలు, రకరకాల టెలిఫోన్లు, ప్రెసిడెంట్ పడుకునే చిన్న మంచం. అవతల బావర్చీఖానా, ఇంతింత గిన్నెలు. ఆ గిన్నెలు తోమిందెవరు, ఫోన్ మోగితే పరుగెత్తిందెవరు? ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. అటెండర్ కొడుకుని కదా, నా నజర్ అటే పోతుంది.

"అబ్బూ, దాదా పనిచేసిన ఆఫీస్ కూడా ఇట్లనే టికెట్ కొని చూడొచ్చా?" అంది బిడ్డ.

అబ్బా చాన్నాళ్లు పనిచేసింది జి బ్లాక్‌లో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1888లో కట్టించిన సైఫాబాద్ ప్యాలెస్ అది. దారిలో ఉడుము అడ్డమొచ్చిందని నవాబు అందులో ఉండనే లేదని అంటారు. దియెమ్‌కి మౌత్ అడ్డమొచ్చింది, ఈయనకి ఉడుము. 2020 జూలైలో పాత సెక్రటేరియట్‌తో పాటు అదీ నేలమట్టమైంది. కరోనా రోజులు, దార్లన్నీ బంద్. టీవీలో చూపిస్తుంటే అబ్బా కాసేపు చూసి "కట్టెయ్" అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక్కడేమో జంగ్ గెలిచినోళ్లు దుష్మన్ మకాన్‌లో ఫోన్ దగ్గర ఫోన్, కుర్సీ దగ్గర కుర్సీ ఉంచారు. మొహబ్బత్‌తో కాదు, తమ ఫతేకి గవాహీగానే. అయినా ఉంచారు కదా. గెలుపుకి చాయ్ తాగించిన అబ్బా పనిచేసిన వరండా చూపించడానికి నా దగ్గర ఏముంది? రిటైర్మెంట్ రోజు మెట్ల మీద తీసిన ఒక మసక ఫొటో.

"లేదమ్మా, అది లేదిప్పుడు" అన్నాను.

పైకొచ్చే మెట్ల దగ్గర స్టూల్ మీద ఒక ముసలాయన డ్యూటీలో కునికిపాట్లు పడుతున్నాడు. మా అడుగుల చప్పుడుకి గబుక్కున లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. నాకు ఆయన భాష రాదు. కూర్చోండి, కూర్చోండి అని చేత్తోనే చెప్పాను.