మోటారుబండి తాపము – దాని నిదానము

వైద్యశాస్త్రమున నిదానమనగా రోగమునకు మూలకారణమును కనుగొనుట. మన వాడుకలో నిదానమనగా తొందరపడకుండుట. ఈ రెండర్థములును ఒకదానినొకటి విడిచి యుండలేవని మాకు మా పాత మోటారుబండి నేర్పినది.

ఇది పురుషుల విషయమని పుటను త్రిప్పివేయకుడు. 1888వ సంవత్సరము ఆగస్టుమాసమున జర్మనీదేశమందు బెర్తా బెంజ్ అను ఇల్లాలు, తన భర్త నిర్మించిన బండిని ఆయనకు చెప్పకయే, ఇరువురు కుమారులతో మన్‌హైమునుండి ఫోర్జ్‌హైమువఱకు సుమారు 100 కిలోమీటర్లు నడిపించెను. ఆ యంత్రములోని నీరు ఆవిరియై పోవుచుండుటచే దారిలో దొరకినచోటనెల్ల నీరు పోసికొనుచు పోయెను. ఇంధనపు గొట్టము పూడుకొనగా తన టోపీసూదితో బాగుచేసికొనెను. మోటారుబండి దూరప్రయాణము ఒక ఇల్లాలి చేతిమీదుగనే ఆరంభమైనది.

నేటి బండి యేర్పాటు వంట యెఱిగినవారికి తెలియరానిది కాదు. మండిన ఇంధనపు వేడిలో సుమారు మూడవవంతు యంత్రముచుట్టు ప్రవహించు నీటిలోనికి దిగును. పంపు ఆ నీటిని రేడియేటరులోనికి త్రోయును. అది సన్నని గొట్టముల జల్లెడ. ఎదురుగాలి తగిలి నీరచట చల్లారును. బండి నిలిచియున్నపుడు ఫ్యాను గాలినిచ్చును. నడుమ థర్మోస్టాటు ద్వారపాలకునివంటిది. 82 మొదలు 90 డిగ్రీలవఱకు వేడియెక్కిన పిమ్మటగాని వాకిలి తెఱువదు. ఇక రేడియేటరు మూత ప్రెషరుకుక్కరు మూతయే. లోపల ఒత్తిడిని నిలుపుటచే 100 డిగ్రీలకు మరుగవలసిన నీరు ఇంచుమించు 120 డిగ్రీలవఱకు మరుగకుండును.

గత వైశాఖమున, మా అత్తగారిని కంటివైద్యునికి చూపించుటకై, కోదాడనుండి హుజూర్‌నగరము మీదుగా మిర్యాలగూడకు పోవుచుంటిమి. సాగరు ఎడమకాలువక్రింది వరిపొలములు కోతలై బోసిగా నుండెను. మధ్యాహ్నమగుచుండగా వేడిని తెలుపు ముల్లు ఎఱ్ఱగీతను ముట్టెను. వెంటనే ఏసీని కట్టివేసి, ఒక వేపచెట్టుక్రింద బండినాపి, యంత్రమును నిలిపితిమి. మావారు ముందుమూత యెత్తి రేడియేటరు మూతపై చేయివేయబోయిరి. చూపు సరిగా ఆనని అత్తగారు వెనుకనుండియే, "ఒరే నాయనా! ఆవిరి దిగనిదే కుక్కరు మూత తీస్తారటరా?" అనిరి. ఆ మాటయే ఆయన చేతిని కాపాడినది. ఆ స్థితిలో మూత తీసినచో మరుగునీరు ముఖముపైకి చిమ్మియుండెడిది.

డెబ్బదియేండ్లు దాటిన అత్తగారికి తడిగుడ్డ కప్పి, మజ్జిగ యిచ్చి, అరగంటకు పైగా కూర్చుంటిమి. ఆమె ముఖము వాడిపోవుచుండ మాకు ఆ ముల్లుకంటె ఆమెయే ఎక్కువ భయము కలిగించెను. పిదప మందపుగుడ్డతో మూతను మెల్లగా తీసి, త్రాగునీటిని కొద్దికొద్దిగా పోసి, నిదానముగా మిర్యాలగూడ చేరితిమి.

అచటి మెకానిక్కు ఒకడు చూచినంతనే, "హెడ్డు విప్పవలె" ననెను. ఆ ఖర్చు మావారి మాసవేతనమును మించునది. మేమడిగిన ప్రశ్నలకు అతడు మావైపు చూడకయే మావారికి బదులు చెప్పెను. గొట్టమును ముట్టి చూడలేదు, నూనెను చూడలేదు. కావున మేమొప్పుకొనక, మఱునాడు తెల్లవాఱుజామున చల్లనివేళ, నడుమ నడుమ నీరు సరిచూచుకొనుచు, సూర్యాపేటలోని ఒక పెద్దవయసు మెకానిక్కు కడకు పోతిమి.

ఆయన మొదట చేయి వేయలేదు, ప్రశ్నలు వేసెను. నిలిచియున్నపుడు కాగునా, పరుగెత్తునపుడు కాగునా? నీరెంత తగ్గును? పరుగెత్తునపుడే కాగుచున్నదనియు, వాకిట నిలిపినపుడు ఫ్యాను తిరిగి ముల్లు నెమ్మదిగా నున్నదనియు చెప్పితిమి. "నిలిచినపుడు కాగి పరుగున చల్లారినచో ఫ్యానును, దాని ఫ్యూజును అనుమానింపవలె. పరుగుననే కాగుచున్నచో రేడియేటరునో, థర్మోస్టాటునో, పంపునో చూడవలె" నని ఆయన వివరించెను.

పిమ్మట నూనెపుల్లను తీసి చూపెను. నూనె మజ్జిగవలె తెల్లబడియుండలేదు. చల్లారిన రేడియేటరు మూత తీసి యంత్రము నడిపినను బుడగలు లేవు. పొగలో తెల్లదనము లేదు. కావున హెడ్డు చెడినట్లు గుర్తులేవియు లేవనెను. పైగొట్టము చేయి కాలునంత వేడి, క్రిందిగొట్టము గోరువెచ్చన. అనగా నీరు నడుమ ఎచటనో అడ్డగింపబడుచున్నది. థర్మోస్టాటును తీసి మరుగునీటిలో వ్రేలాడదీయగా చక్కగా తెఱచుకొనెను. ఇక మిగిలినది రేడియేటరు. దానిని విప్పగా గొట్టములలో తెల్లని గట్టి పెచ్చు కనబడెను. మన ప్రాంతపు బోరునీటిని నిత్యము కాచు గిన్నెల అడుగున పేరుకొను సున్నపుపెచ్చు వంటిదే అది. బండిని మాకమ్మినవారు ఏండ్లతరబడి బోరునీరే పోసియుందురని ఆయన తలంచెను. మూతలోని రబ్బరుచుట్ట కూడ పగిలియుండెను. నీరు తగ్గుటకు కారణమదియే.

క్రొత్త రేడియేటరును, క్రొత్త మూతను బిగించి, శుద్ధజలములో సగపాలు కూలెంటు కలిపి పోసి, గొట్టములలోని గాలిని వెడలించెను. థర్మోస్టాటును మరల యథాస్థానమున నుంచెను. దానిని తీసివేసినచో బండి చల్లగా నుండునని కొందఱందురు. కాని చలియెక్కిన యంత్రము ఇంధనము నెక్కువ త్రాగి త్వరగా అరుగును. మొత్తము ఖర్చు హెడ్డు విప్పుటకు చెప్పినదానిలో నాలుగవవంతైనను కాలేదు. అత్తగారి కంటిచికిత్సకు దాచిన సొమ్ము నిలిచినది.

సోదరీమణులు కొన్ని మాటలు గుర్తుంచుకొందురుగాక. ఉదయమున యంత్రము చల్లగా నున్నపుడు కూలెంటు డబ్బాపై రెండు గీతల నడుమ మట్టమున్నదో లేదో చూడుడు. కాగిన యంత్రముపై చన్నీరు గ్రుమ్మరింపకుడు, లోహము పగులును. బిడ్డ రోగలక్షణములను వైద్యునికి చెప్పునది తల్లియే గదా. మెకానిక్కు ముందు నోరు విప్పుటకు సంకోచమేల? అన్నిటికంటె ముఖ్యము: కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు తీయగా నుండు విషము. నేలపై ఒలికినచో వెంటనే కడిగివేయుడు. మిగిలిన డబ్బాను పిల్లలకందని యెత్తున నుంచుడు. త్రాగునీటి సీసాలలో నెన్నడును పోసియుంచకుడు.