ఎల్ఎల్ఎంకి ఫారిన్ పోదామనుకునే మన పిల్లలకు



లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు నెల రోజులుగా ఒకటే అడుగుతున్నారు, "అక్కా, ఎల్ఎల్ఎంకి ఏ దేశం మంచిది?" అని. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

మాది ఏటూరునాగారం దిక్కు కోయగూడెం. ఆశ్రమ పాఠశాల, తర్వాత గురుకులం, హన్మకొండలో డిగ్రీ, కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో మూడేండ్ల ఎల్ఎల్‌బీ. 2019లో ఎన్‌రోల్ అయి, అదాలత్ దగ్గర ఒక సీనియర్ సార్ దగ్గర జూనియర్‌గా చేరిన. ఫారిన్ ఆశ నాకు కాలేజీలోనే పుట్టింది. అంబేద్కర్ కొలంబియాకు, లండన్‌కు పోయి చదివిండని అందరికీ తెలుసు. ముండా బిడ్డ జైపాల్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు కెప్టెన్ అయి, రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున మాట్లాడిండని మాత్రం నాకు డిగ్రీ అయినంక తెలిసింది. మనోడు అప్పుడే పోయిండు, నేనెందుకు పోవద్దు అనుకున్న.

హన్మకొండలో ఒక కన్సల్టెన్సీకి పోయిన. ఏసీ గది, గోడ నిండా జెండాలు. "మేడం, న్యూయార్క్‌లో ఎల్ఎల్ఎం చేయండి, ఏడాదిలో మీరు అమెరికా లాయర్" అన్నడు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు సంతోషంతో. ఆ మాటలో ఎంత నిజముందో తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మీకు పట్టొద్దని చెబుతున్నా.

ఎల్ఎల్ఎం చదువు మాత్రమే. లైసెన్సు వేరే సంగతి. న్యూయార్క్‌లో బార్ పరీక్ష రాయాలంటే ముందు అక్కడి బార్ పరీక్షల బోర్డు మన ఎల్ఎల్‌బీని చూసి, ఎన్నేండ్లు చదివినం, ఏం చదివినం అన్నది వాళ్ల చదువుకు సమానమేనా కాదా చెప్తది. రెండూ సరిపోతే కొందరికి ఎల్ఎల్ఎం అవసరమే ఉండదు. ఒకటి తక్కువైతే 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎంతో పూడ్చుకోవచ్చు, అదీ వాళ్లు చెప్పిన సబ్జెక్టులు ఉంటేనే, అక్కడ క్లాసులో కూర్చుని చదివితేనే. ఈ పరిశీలనకు నెలలు పడతాయి, కాబట్టి ఫీజు కట్టక ముందే దరఖాస్తు పెట్టాలి. కాలిఫోర్నియాలో అయితే మనలా ఇప్పటికే ఎన్‌రోల్ అయిన లాయర్లు ఎల్ఎల్ఎం లేకుండానే బార్ పరీక్ష రాయొచ్చు.

ఇంగ్లండ్‌లో ఎల్ఎల్ఎం చేసినంత మాత్రాన సొలిసిటర్ కారు. 2021 నుంచి ఎస్‌క్యూఈ అని రెండు దశల పరీక్ష ఉంది. మామూలుగా రెండేండ్ల పని అనుభవం కూడా చూపాలి. ఇప్పటికే లాయర్ అయినవాళ్లకు ఆ అనుభవం షరతు లేదు. కెనడాలో ఎన్‌సీఏ అనే సంస్థ మన మార్కుల జాబితా చూసి ఏ పరీక్షలు రాయాలో చెప్తది.

ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని సీనియర్ సార్‌కు చూపించిన. ఆయన ఒక్కటే అడిగిండు. "సరే బిడ్డా, లైసెన్సు వచ్చింది అనుకో. అక్కడ ఎవరి కేసు వాదిస్తవ్?"

నా దగ్గర జవాబు లేకుండె.

అప్పుడు నా చేతిలో మా గూడెం భూమి కేసు ఉంది. ఏజెన్సీ భూముల సంగతి మీకు తెలిసిందే. 1959 భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించినంక, ఏజెన్సీలో భూమి ఎవరు అమ్మినా ఆదివాసీకే అమ్మాలి. గిరిజనేతరుల చేతిలో భూమి ఉంటే అది ఆదివాసీ నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటది, కాదని వాళ్లే రుజువు చేసుకోవాలి. ఎదుటి పక్షం ఒక సాదా బైనామా తెచ్చింది. 1968లో ఇంకో గిరిజనేతరుడి దగ్గర కొన్నట్టు. 1970 కన్నా ముందు కాబట్టి చెల్లుతదని వాళ్ల వాదన.

మా దిక్కు కాగితం లేదు. ఒక ముసలవ్వ ఉంది. ఎనభై దాటినయి. "గోదారి పెద్ద వరద వచ్చిన ఏడు దాకా ఆ చెలక మేమే దున్నినం. వరదకు జొన్న మొత్తం పోయింది. ఆ కరువుకే వాళ్ల దగ్గర అప్పు తెచ్చినం" అంటది. పెద్ద వరద 1986 ఆగస్టులో వచ్చింది. అవ్వకు సంవత్సరాల లెక్క రాదు, వరద లెక్క వస్తది. ఎదుటి లాయర్ నవ్విండు, "వరద సాక్ష్యమా?" అని.

ఆ నవ్వు నన్ను చాలా రోజులు కుట్టింది. ఆ కోపంలోనే రాత్రిళ్లు తీర్పులు వెతికిన. 1997 జులై 11న మన సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. విశాఖ ఏజెన్సీ గనుల కేసు, మనందరికీ తెలిసిందే. సరిగ్గా అయిదు నెలలకు, అదే ఏడు డిసెంబర్ 11న, కెనడా సుప్రీంకోర్టు డెల్గమూక్ అనే కేసులో తీర్పు ఇచ్చింది. అక్కడి ఆదివాసీలు తమ భూమికి సాక్ష్యంగా పాటలు, తాతల కథలు కోర్టులో చెప్పిండ్రు. కింది కోర్టు వాటికి విలువ ఇయ్యలేదు. పై కోర్టు మాత్రం, నోటి చరిత్రను కూడా కాగితాల పక్కన సమానంగా చూడాలన్నది. మన అటవీ హక్కుల నిబంధనల్లో కూడా పెద్దల వాంగ్మూలం రాసి పెడితే సాక్ష్యమే అని ఉంది. ఎంతమందిమి దాన్ని గట్టిగా వాడుతున్నం?

సార్ ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. అమెరికా కంపెనీల ఒప్పందాలు రాయడానికి నాకు చదువు అవసరం లేదు. ఆదివాసీ భూమిని వేరే దేశాల కోర్టుల్లో ఎట్ల నిలబెట్టిండ్రో నేర్చుకుని రావాలి. అట్ల వెతికితే అరిజోనా యూనివర్సిటీ లా కాలేజీలో ఆదివాసీ హక్కుల చట్టం, విధానం మీదనే ఎల్ఎల్ఎం ఉన్నది. ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రత్యేక ప్రతినిధిగా 2008 నుంచి 2014 దాకా పనిచేసిన జేమ్స్ అనాయా చాలా ఏండ్లు అక్కడే పాఠాలు చెప్పిండు. కన్సల్టెన్సీ గోడ మీద ఆ పేరు లేదు.

ఇక పైసల ముచ్చట. న్యూయార్క్‌లో పేరున్న కాలేజీల్లో ఫీజే 70 వేల డాలర్లు దాటుతది. మన రాష్ట్ర అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఇచ్చేది 20 లక్షల రూపాయలు. మంచి సాయమే, కానీ ఆ ఫీజులో మూడో వంతు కూడా కాదు. పైగా రెండు విడతలు. మొదటి విడత అక్కడ దిగిన కాగితం చూపినంకనే. అంటే ముందు డిపాజిట్, వీసా, టికెట్ మన చేతి నుంచే పెట్టాలి. ఏ కోర్సులకు ఇస్తరో కూడా నోటిఫికేషన్‌లో ఉంటది. అందులో మీ కోర్సు ఉందో లేదో చూసుకున్నాకే ఆశ పెట్టుకోండి. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏడాదికి 20 మందికి. అందులో 3 కొలాం, చెంచు, తోటి, కొండరెడ్డి లాంటి పీవీటీజీల వాళ్లకు. ఆ తెగల పిల్లలు ఈ పోస్టు చదువుతుంటే దయచేసి వదలకండి. బ్రిటన్ వాళ్ల చీవెనింగ్‌కు రెండేండ్ల పని అనుభవం కావాలి, చదువు అయినంక రెండేండ్లు ఇంటికి తిరిగి రావాలి. ఆ షరతు చూసి చాలామంది భయపడతారు, మనకైతే అది షరతే కాదు.

బ్రిటన్ వీసాకు ఖర్చుల డబ్బు ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. మా బాపు ఖాతాలో ఎప్పుడూ అంత లేదు. ఎకరం అమ్ముతా అన్నడు. భూమి కేసు వాదించే బిడ్డ కోసం భూమి అమ్ముడా అని అవ్వ తిట్టింది. ఆమె తిట్టింది నిజమే అనిపించింది. అప్పుడే ఇంట్లో మాటిచ్చిన, స్కాలర్‌షిప్ వస్తెనే పోత, లేకపోతే పోను.

పోయిన ఏడాది దరఖాస్తు పెట్టే టైం, ముసలవ్వ వాంగ్మూలం తేదీ ఒకేసారి వచ్చినయి. వాయిదా పడ్డది, మళ్లీ పడ్డది. నేను దరఖాస్తు వదిలేసిన. దోస్తులు పిచ్చిదాన్నన్నరు. ఆఖరికి అవ్వ వచ్చి చెప్పింది, క్రాస్‌లో రెండు గంటలు నిలబడ్డది. "ఆ ఏడు వాన ఎన్ని రోజులు కురిసింది?" అని అడిగితే, "నీకు చెప్తే నువ్వు లెక్కబెడతవా?" అన్నది. అందరూ నవ్విండ్రు, ఈసారి ఆమె దిక్కు. వాంగ్మూలం రికార్డుకెక్కింది. తీర్పు ఇంకా రాలేదు. అవ్వ ఈ ఎండాకాలం పోయింది.

నేను ఆ ఏడాది పోయి ఉంటే ఆ మాటలు అవ్వతోనే పోయేవి. అందుకే నాకు బాధ లేదు. ఈసారి మాత్రం దరఖాస్తు పెడుతున్న. నేనెందుకు చదువుతానో చెప్పే వ్యాసంలో మొదటి వాక్యం పెద్ద వరద గురించే రాసిన.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ దేశం అని అడిగే ముందు మూడు రాసుకోండి. చదువు అయినంక ఏ కోర్టులో నిలబడతరు, దానికి లైసెన్సు కావాల్నా చదువు కావాల్నా, పైసలు ఏ నెలలో ఎవరి చేతికి వస్తయి. కార్పొరేట్ లాయర్ కావాలన్నా తప్పు లేదు, మనోళ్లు అక్కడ కూడా ఉండాలె. కానీ తెలిసి పోండి.

మీ వ్యాసం ముసాయిదాలు నాకు పంపండి, ఆదివారం కూర్చుని చదువుత. నాది కూడా పంపుత, తప్పులు చెప్పండి.

జోహార్.