అత్తయ్యగారి పుట్టింటి మీదుగా పాపికొండలకి

విహారయాత్ర అనగానే మన ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేదేమిటో చెప్పనా? కొండలూ కాదు, కోనలూ కాదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కలపాల్సిన పులిహోర! ఎక్కడికెళ్ళినా వంటిల్లు మన వెంటే వస్తుంది. అందుకే నాకు లాంచీ ప్రయాణమంటే మహా ఇష్టం. టిఫిను, భోజనం, సాయంత్రం టీ అన్నీ వాళ్ళే పెడతారు. ఒడ్డు దాటాక మనం చెయ్యడానికి పనంటూ ఉండదు. కూర్చోవాలి, గోదారిని చూడాలి. అంతే!

2022 జూన్‌లో వైజాగు రేవుకి పెద్ద విహారనౌక వచ్చింది గుర్తుందా? టీవీలో అది చూసి మా అమ్మాయి మనమూ వెళ్దామని ఒకటే గొడవ. టిక్కెట్టు ధర విన్నాక మా వారు, "ఇంట్లో గోదారి పెట్టుకుని సముద్రమెందుకే!" అనేశారు. మాది కోరుకొండ. నరసింహస్వామి కొండకి ఆరువందల పైచిలుకు మెట్లెక్కే కాళ్ళు మావి. రాజమండ్రి 20 కిలోమీటర్లు. పాపికొండలు పెరటి చెట్టు లాంటివన్నమాట.

కానీ ఆ పెరటి చెట్టు పేరెత్తితేనే మా ఇంట్లో అందరి నోళ్ళూ మూతపడేవి. 2019 సెప్టెంబరు 15 మీరూ మరిచిపోయి ఉండరు. ఆదివారం. గండిపోచమ్మ దగ్గర బయలుదేరిన బోటు కచ్చులూరు మందం దగ్గర మునిగిపోయింది. యాభైమంది దాకా పోయారు. ఒడ్డునున్న గిరిజనులు తమ పడవలేసుకుని వెళ్ళి అందినవాళ్ళని కాపాడారు. బోటుని పైకి తియ్యడానికే 38 రోజులు పట్టింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యంగారి బృందం చివరికి దాన్ని బయటికి లాగింది. అప్పట్నుంచీ మా వారిది ఒకటే మాట, "పిల్లల్ని తీసుకుని గోదారి మీదికా? వద్దంటే వద్దు."

అయితే మా అత్తగారి సంగతి వేరు. ఆవిడ పుట్టిల్లు దేవీపట్నం మండలంలో, గోదారి ఒడ్డునే. పోలవరం ప్రాజెక్టు కింద ఆ ఊరు ఖాళీ అయింది. తమ్ముళ్ళందరూ గోకవరం వైపు కట్టిన కాలనీకి వచ్చేశారు. ఓ రోజు బియ్యం ఏరుతూ, "అమ్మాయ్, నాకు డెబ్భై దాటాయి. మా రేవు ఒక్కసారి కళ్ళతో చూసి రావాలనుందే" అన్నారు. ఏనాడూ పట్టుచీర కావాలని కూడా నోరు తెరిచి అడగని మనిషి. నా మనసు ఆగలేదు.

అలాగని భయం ఉత్తుత్తిదా? కాదు కదా! భయపడి ఇంట్లో కూర్చోనూ లేం, గోదారమ్మ చూసుకుంటుందని కళ్ళు మూసుకుని ఎక్కేయనూ లేం. కందిపప్పు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమోనని పిడికెడు తీసి వెలుతురులో చూస్తాం. పిల్లల్ని ఎక్కించే బోటుని చూడమా?

ముందు చూసుకోవాల్సింది కాలం. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కుల వరద. 2019లో ప్రమాదం జరిగిన రోజు ఉన్నది అందులో సగమే, 5 లక్షల చిల్లర. చూశారా! హెచ్చరిక లేదు కాబట్టి పరవాలేదు అనుకోవడానికి లేదు. అందుకే జూలై నుంచి అక్టోబరు దాకా ఎవరెంత పిలిచినా వెళ్ళకూడదని మేం ఇంట్లో గీత గీసుకున్నాం. సంక్రాంతి అరిసెలు అయిపోయి, పిల్లలకి రెండో శనివారం కలిసొచ్చాక బయలుదేరాం.

రెండోది బోటు సంగతి. టిక్కెట్టు తీసుకునేటప్పుడే అడిగాను. ఎంతమందికి అనుమతి? ఎంతమందిని ఎక్కిస్తున్నారు? చిన్నపిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ప్రమాదం తర్వాత కంట్రోల్ రూములు పెట్టి, బయలుదేరే ముందు ప్రయాణికుల లెక్క చూసే ఏర్పాటు చేశారు. ఆ లెక్కలో మన పేర్లు రాశారో లేదో కూడా చూసుకోవాలి. మా వారు పక్కన నిలబడి మొహమాటపడ్డారు గానీ, బేరమాడేటప్పుడు లేని మొహమాటం ఇక్కడెందుకండీ?

ఇదివరకు లాంచీలు రాజమండ్రి రేవులోనే ఎక్కేవాళ్ళం. బాపుగారి ‘అందాల రాముడు’ (1973) సినిమాలో భద్రాచలం దాకా పడవ మీద వెళ్తారే, అదే దారి. ఇప్పుడు మధ్యలో పోలవరం కట్టడం ఉంది. 2021 జూన్‌లో గోదారిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. అందుకని కట్టకి ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గరే బోటెక్కాలి. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి ఎక్కాం.

ఎక్కగానే జాకెట్లిచ్చారు. అందరూ తొడుక్కున్నారు. టిఫిన్లయి, మైకులో పాటలు మొదలై, కుర్రాళ్ళు గంతులేస్తుంటే ఒక్కొక్కటీ కుర్చీ మీదికి చేరింది. ఎదుటి సీటావిడ ఫోటోలో చీర కనబడట్లేదని విప్పేసింది. మా అబ్బాయి కూడా "ఉక్కపోస్తోందమ్మా" అని మొదలెట్టాడు. నేను లేచి మైకు అబ్బాయి దగ్గరికెళ్ళి, "బాబూ, రెండు పాటల మధ్య జాకెట్లు తియ్యొద్దని ఒక్కమాట చెప్పు నాయనా" అన్నాను. వెనక ఎవరో, "పెద్దావిడది మరీ చాదస్తం" అని నవ్వారు. నవ్వనివ్వండి!

ఆ పెద్ద పెద్ద విహారనౌకల్లో ఏం చేస్తారో తెలుసా? 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా అనే నౌక రాళ్ళకి తగిలి ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ తర్వాత, నౌక కదలక ముందో కదిలిన వెంటనేనో ప్రయాణికులందర్నీ ఓచోట చేర్చి, ప్రమాదమొస్తే ఎటు వెళ్ళాలో, జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపించి తీరాలని ప్రపంచమంతటికీ నియమం పెట్టారు. వేలమందిని మోసే నౌకలో కోటీశ్వరులు పాటించేది మన లాంచీలో చాదస్తమెలా అవుతుందండీ?

మైకు అబ్బాయి మంచివాడు. చెప్పాడు. ఎదుటి సీటావిడ మళ్ళీ తొడుక్కుని నావైపు చూసి నవ్వింది.

కాసేపటికి అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "అదుగో..." అన్నారు. వరద బురద పట్టిన గోడలు, నీళ్ళలో నిలబడ్డ ఎండుచెట్లు. ఊరంటూ ఏమీ లేదు. ఆవిడ మాత్రం వేలు చూపించి చెబుతూనే ఉన్నారు. "అక్కడ రావిచెట్టు. దాని పక్కన మెట్లు. నన్ను అత్తారింటికి పంపినప్పుడు మా అమ్మ అక్కడే నిలబడి ఏడ్చింది." పిల్లలిద్దరూ ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. కొంగు ముడిలోంచి పసుపు, కుంకుమ, రెండు గులాబీలు తీసి నీళ్ళలో వదిలారు. ఎప్పుడు కట్టుకున్నారో నాకే తెలీదు! ప్రాజెక్టు నిండి నీళ్ళు 45.72 మీటర్లకి నిలబడితే ఆ గోడలూ కనబడవు.

కచ్చులూరు దగ్గర పాటలాపారు. మేం చేతులు జోడించాం. పేరంటపల్లిలో శివాలయం చూసి, కొండరెడ్ల దగ్గర రెండు వెదురు బుట్టలు కొన్నాం. రెండు కొండల మధ్య సన్నగా నది. తలలో పాపిడిలా ఉంటుందనే పాపిడికొండలన్నారట. చూస్తే నిజమేననిపిస్తుంది.

మీరూ వెళ్ళిరండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూడాలనుకున్న ఊళ్ళుంటే ముందు అవే చూపించండి. సంచీలో నిమ్మకాయలు, వాము, పిల్లలకి ఒక జత బట్టలు చాలు, పులిహోర అక్కర్లేదు. మొహమాటం మాత్రం ఒడ్డునే వదిలెయ్యండి. జాకెట్ తొడిగి, తాళ్ళు మీ చేత్తో ముడి వెయ్యండి. పిల్లల బూట్ల లేసులు కట్టేది మనమే కదా, ఇదీ అంతే. ఏమంటారు?