గోడలోని ఆచారము

మా కుమారుడు టెక్సాసు రాష్ట్రమందలి హ్యూస్టను నగరమున కాపురముండును. 2022వ సంవత్సరపు వేసవిలో మేమచ్చటికి బోయితిమి. అతని యింటి గ్యారేజిలో కారునకు బదులు మేము పంపిన పుస్తకముల పెట్టెలుండెను. "నాన్నగారూ, దీనిని మీకు చదువుకొను గదిగా జేసెదను" అనెను. మేము సంతోషించితిమి. ఆ గ్యారేజికి పడమట రేకు తలుపు. గోడలకు లోపల నిట్రాళ్లు కనబడుచుండెను. మధ్యాహ్నమైన నిలువ శక్యము గాదు.

నిట్రాళ్ల నడుమ గాజుదూది కూరి, పైని జిప్సము పలకలు బిగింపవలెనని నిశ్చయించితిమి. పలక యనగా రెండు మందపు కాగితముల నడుమ జిప్సము. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, అరయంగుళము మందము. దీని పూర్వరూపమునకు అగస్టీను సాకెట్టు అను నాతడు 1894లో పేటెంటు పొందెను. జిప్సము బరువులో ఐదవవంతు నీరే. మంట తగిలినపుడు ఆ నీరు ఆవిరియై పోవువరకు పలక వెనుకనున్న కొయ్య అంటుకొనదు. అందుచేతనే యింటికిని గ్యారేజికిని నడిమి గోడకు ఈ పలక వేయుదురు. ఇంత నీటిని కడుపులో దాచుకొన్న వస్తువునకు బయటి నీరు గిట్టదనుట వింత!

మిన్నెసోటాలోని మిత్రుడొకడు ఫోనులో, గాజుదూదిపై ప్లాస్టికు పొర పరచి పిదప పలక కొట్టుడని చెప్పెను. అచ్చట నందరు నట్లే చేయుదురట. మేము పొరను పట్టుకొంటిమి; కుమారుడు మేకులు గొట్టెను. మా యూరిలో ఉపనయనము మొదలు ఉత్తరక్రియలవరకు ప్రతి తంతునకును హేతువేమని పురోహితుని నిలదీసిన మేము, ఆ పొరకు హేతువేమని యొక్కమాటయు నడుగమైతిమి. గోడ నున్నగా వచ్చెను. ఏసీ యంత్రము నమర్చితిమి.

2023లో మరల బోయినపుడు గదిలో తడిసిన గోనెసంచి వాసన వేసెను. మనుమరాలు కథ వినుటకు వచ్చి కూర్చున్నంతనే దగ్గసాగెను. బయటికి బోయిన తగ్గెను. "మామయ్యగారూ, నేను నిరుటి ఆగస్టునుండి చెప్పుచునే యున్నాను" అని కోడలనెను. ఆమె మాట నా యింట నెవరును చెవిని బెట్టలేదు. పలక కోసి చూడగా, పొర వెనుక నీటిబొట్లు, గాజుదూది తడిముద్ద, నేలనానిన పలక అంచున కాగితము నల్లని బూజు. దాని కానించిన పెట్టెలోని పుస్తకములు పనికిరాకపోయెను.

చన్నీటి చెంబు వెలుపల చెమర్చుట యెరుగనివారెవరు? మిన్నెసోటాలో శీతకాలమున ఇంటిలోని వెచ్చని తేమగాలి బయటికి బోవ జూచును. దాని నడ్డుటకు పొర లోపలివైపుననే యుండవలెను. హ్యూస్టనులో వేసవిని సముద్రపు తేమ బయటినుండి గోడలోనికి వచ్చును. ఏసీచే చల్లబడిన పొరకు దగిలి అచ్చటనే నీరగును. ఎండునట్టి త్రోవ లేదు.

పొరను చించివేసితిమి. నిట్రాళ్లు ఎండువరకు పంకాలు వేసి, క్రొత్త పలకలను నేలకు అరయంగుళము ఎత్తున బిగించితిమి. తీరా చూడగా వేడిలో నధికభాగము పైకప్పునుండియు పడమటి రేకు తలుపునుండియు వచ్చుచుండెను. కంటి కెదుట నుండునది గోడ గనుక, మేము మొదట గోడను సింగారించితిమి! ఇప్పుడు కప్పునకు దళముగా గాజుదూది వేసి, తలుపునకు నురుగుపలకలు అతికించితిమి.

మేము తిరిగి వచ్చువరకు ప్రతి ఆదివారమును కోడలు గోడ మొదట వంగి వాసన చూచుచుండెను. ఆమె సరే యన్న పిదపనే మనుమరాలిని లోనికి పిలుచుచుంటిమి.